పెట్రోలు మానాలంటే పక్కన ఇంకోటి ఉండాలి కదా!

పెట్రోలు రేటు పెరిగినప్పుడల్లా టీవీలో ఎవరో ఒక మేధావి ప్రత్యక్షమై ఒకటే మాట చెప్తుంటాడు. "ధర పెరగడం ఒకందుకు మంచిదేనండీ, జనం వాడకం తగ్గిస్తారు, పర్యావరణానికి మంచిది, దిగుమతుల బిల్లూ తగ్గుతుంది" అని. మన ఆఫీసు క్యాంటీన్లలో కూడా ఈ వాదన బాగానే నడుస్తుంది. తప్పేముంది, ఎకనమిక్స్ పుస్తకంలో మొదటి పాఠం అదే కదా. ధర పెరిగితే గిరాకీ తగ్గుతుంది.

నాకైతే ఈ మాట హైటెక్ సిటీలో ఏసీ గదిలో కూర్చుని చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, సూర్యాపేట బస్టాండు ముందు నిలబడి చెప్పడానికి నోరు రాదనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

ముందు లెక్కలు చూద్దాం. 2020 మే నెలలో హైదరాబాదులో లీటరు పెట్రోలు దాదాపు 74 రూపాయలు. 2021 జూన్‌లో వంద దాటింది. 2022 ఏప్రిల్‌కి 119 రూపాయల 49 పైసలు. అంటే రెండేళ్ళలో నలభై అయిదు రూపాయల పెరుగుదల. పుస్తకంలో పాఠం నిజమైతే ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి విజయవాడ హైవే ఖాళీగా ఉండాలి. పంతంగి టోల్ గేటు దగ్గర లైనులో నిలబడ్డవాళ్ళకి ఆ ఖాళీ ఎంతో నేను చెప్పక్కర్లేదు :)

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ధర ఒక్కటే అలవాటుని మార్చదు. పక్కన ఇంకో దారి ఉన్నప్పుడు మాత్రమే ధర అలవాటుని మారుస్తుంది. దారి లేనిచోట పెరిగిన ధర పన్ను అవుతుంది, అంతే. దీనికి మా వైపు మూడు ఊళ్ళు చాలు ఉదాహరణకి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. 2016 అక్టోబరు దాకా మూడూ నల్గొండ జిల్లాలోవే. ఇప్పుడు మొదటి రెండూ సూర్యాపేట జిల్లా, మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. ఒకదానికొకటి గంటా గంటన్నర దూరం. కానీ ఇంధనం ధర పెరిగితే మూడు ఊళ్ళూ మూడు రకాలుగా స్పందిస్తాయి.

సూర్యాపేటతో మొదలుపెడదాం. జిల్లా కేంద్రం, హైదరాబాదు నుంచి సుమారు 135 కిలోమీటర్లు, నాలుగు వరసల జాతీయ రహదారి. ఊళ్ళో రైల్వే స్టేషన్ మాత్రం లేదు. కోదాడకీ లేదు. మనిషి కదలాలన్నా, బియ్యం బస్తా కదలాలన్నా, సిమెంటు బస్తా కదలాలన్నా టైరు తిరగాల్సిందే, డీజిలో పెట్రోలో కాలాల్సిందే.

కోదాడలో ఇల్లు, సూర్యాపేటలో ఉద్యోగం ఉన్న ఒక మనిషిని ఊహించుకోండి. ప్రైవేటు స్కూలు టీచరో, షోరూంలో అకౌంటెంటో. పోనూ రానూ రోజుకి తొంభై కిలోమీటర్లు. బండి అరవై ఇస్తుందనుకుంటే రోజుకి లీటరున్నర, నెలకి ఇరవై అయిదు రోజులకి ముప్ఫై ఏడున్నర లీటర్లు. 2020 మే ధరకి 2,775 రూపాయలు. 2022 ఏప్రిల్ ధరకి 4,480. నెలకి పదిహేను వేలు తెచ్చుకునే మనిషికి పదిహేడు వందలు అదనపు ఖర్చు. ఆ మనిషి ఏం చేస్తాడు? ఉద్యోగం మానడు కదా. బస్సెక్కొచ్చు, కానీ బస్సు దిగాక స్కూలు ఊరికి ఇంకో చివర ఉంటుంది, సాయంత్రం ట్యూషన్ అయ్యాక వచ్చే బస్సు నిండిపోయి ఉంటుంది. కాబట్టి పెట్రోలు తగ్గించడు. ఇంకేదో తగ్గిస్తాడు. ఆదివారం చికెన్ కిలోకి బదులు అరకిలో అవుతుంది, చిట్టీ ఒక నెల ఆగుతుంది, పిల్లాడి బూట్లు వచ్చే ఏడాదికి వాయిదా పడతాయి. ప్రభుత్వ లెక్కల్లో ఇది "పెట్రోలు వాడకం తగ్గలేదు" అని కనిపిస్తుంది. "ధర పెరిగినా జనం తట్టుకున్నారు" అని మేధావులు రాస్తారు. తట్టుకోవడం అంటే ఏంటో ఆ ఇంట్లో వాళ్ళకి తెలుసు.

మన భాషలో చెప్పాలంటే, స్క్రీన్ మీద ఎర్రర్ మెసేజ్ ఎంత పెద్ద అక్షరాల్లో చూపించినా, యూజర్ నొక్కడానికి ఇంకో బటనే లేకపోతే ఏం చేస్తాడు? మళ్ళీ అదే బటన్ నొక్కుతాడు.

ఆఖరికి ఆర్టీసీ సంగతీ అంతే. 2022 మార్చిలో చమురు కంపెనీలు టోకున కొనేవాళ్ళకి డీజిలు ధర లీటరుకి దాదాపు పాతిక రూపాయలు పెంచాయి. బంకులో రేటు మాత్రం అలాగే ఉంచాయి. దాంతో ఏమైంది? డిపోల్లో సొంత బంకులున్న ఆర్టీసీ బస్సులు బయటి బంకుల దగ్గర లైను కట్టాయి. డీజిలు ఒక్క చుక్క ఆదా కాలేదు, పోయించుకునే చోటు మారింది అంతే. తర్వాత ఏప్రిల్‌లో డీజిల్ సెస్ అని పల్లెవెలుగు టికెట్ మీద రెండు రూపాయలు, ఎక్స్‌ప్రెస్ మీద అయిదు రూపాయలు వేశారు. ప్రత్యామ్నాయంగా ఉండాల్సిన బస్సే ఖరీదైపోతే ఇక బండి దిగి బస్సెక్కేది ఎవరు?

ఇప్పుడు కోదాడకి వద్దాం. కోదాడ సరిహద్దు ఊరు. రామాపురం క్రాస్‌రోడ్డు దాటితే ఆంధ్రప్రదేశ్, ఆ వెంటనే జగ్గయ్యపేట. రాష్ట్రం విడిపోయాక పన్నులూ విడిపోయాయి. 2015 జనవరిలో తెలంగాణ పెట్రోలు మీద వ్యాట్‌ని 31 నుంచి 35.2 శాతానికి, డీజిలు మీద 22.25 నుంచి 27 శాతానికి పెంచింది. మరుసటి నెల ఆంధ్రప్రదేశ్ పాత శాతాలు అలాగే ఉంచి, పైన లీటరుకి నాలుగు రూపాయలు కలిపింది. 2018లో అందులో రెండు తగ్గించి, 2020లో మళ్ళీ పెంచింది, రోడ్ల సెస్ అని ఇంకో రూపాయి చేర్చింది. ఒకప్పుడు ఒకే రేటున్న రెండు పక్క ఊళ్ళ మధ్య తేడా వచ్చేసింది. ఆ తర్వాతి ఏళ్ళలో ఏపీ వైపే ఖరీదెక్కువ.

లీటరుకి రూపాయో రెండో తేడా అంటే మనకి నవ్వొస్తుంది. లారీకి నవ్వు రాదు. మూడు వందల లీటర్లు పట్టే ట్యాంకుకి రెండు రూపాయల తేడా అంటే ఆరు వందలు, డ్రైవరు క్లీనరు భోజనాల ఖర్చు వచ్చేసినట్టే. అందుకే విజయవాడ వైపు పోయే లారీ సరిహద్దుకి ముందే ట్యాంకు నింపుకుంటుంది. ఇదే నాటకం కాకినాడ వాళ్ళకి ఇంకా బాగా తెలుసు. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి అక్కడ లీటరు పది రూపాయల పైనే తక్కువకి దొరికింది.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, కోదాడలో జనం ధరకి చాలా చురుగ్గా స్పందించారు. కాబట్టి "మన జనానికి ధర పట్టదు" అనే మాట అబద్ధం. రెండు రూపాయలకే దారి మార్చుకుంటారు, దారి ఉంటే. కానీ అక్కడున్న రెండో దారి ఇంకో బంకు. అందుకని వాడకం తగ్గలేదు, ఒక ఖజానాకి పోయే పన్ను ఇంకో ఖజానాకి పోయింది.

మూడోది మిర్యాలగూడ. ఇక్కడ రైలుంది. సికింద్రాబాదు–గుంటూరు లైను మీద స్టేషన్. హైదరాబాదు పోవాలంటే బస్సూ కారూ కాక ఇంకో బటన్ ఉందన్నమాట. ఇక సాగర్ ఎడమ కాలువ నీళ్ళు, వరి, రైసు మిల్లులు. ఉప్పుడు బియ్యం చేసే మిల్లులకి ఆవిరి కావాలి. ఆ బాయిలర్లలో కాలేది ఏంటి? ఊక. వడ్లు ఆడించగా మిగిలిన పొట్టు. మిల్లు యజమాని పర్యావరణం మీద ప్రేమతో ఊక కాల్చట్లేదు. కళ్ళెదుట కుప్పలుగా పడి ఉంది, కొనే ఇంధనం కన్నా చవక, అందుకని కాలుస్తున్నాడు. ఏ ఉపన్యాసమూ అవసరం లేకుండా జరిగిన ఇంధన మార్పు ఇది. విధానాలు రాసేవాళ్ళు ఒకసారి ఇక్కడికొచ్చి చూస్తే బాగుండును.

అయితే అదే వరి దగ్గర విధానం ఎలా దారి తప్పుతుందో కూడా చూడొచ్చు. పెట్రోలులో ఇథనాల్ కలపడం 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇథనాల్ చెరుకు నుంచే కాదు, మొక్కజొన్న నుంచీ, నూకల నుంచీ, చివరికి ఎఫ్‌సీఐ గోదాముల్లో బియ్యం నుంచీ తీస్తున్నారు. 2025 జనవరిలో ఇథనాల్ కంపెనీలకి ఎఫ్‌సీఐ బియ్యం ధర క్వింటాలు 2,800 నుంచి 2,250కి తగ్గించారు. ఆ బియ్యం సేకరించి నిల్వ చెయ్యడానికి ఎఫ్‌సీఐకి అయ్యే ఖర్చు దాదాపు నాలుగు వేలు. వరి ఎంత నీళ్ళు తాగుతుందో సాగర్ ఆయకట్టు రైతుకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ నీళ్ళూ, ఉచిత కరెంటూ, మద్దతు ధరా అన్నీ కలిసి తయారైన బియ్యాన్ని సగం ధరకి ఇచ్చి బండిలో కాల్చడం పొదుపు ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

పైగా ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. ఇరవై శాతం కలిపితే లీటరులో ఉన్న శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. బంకులో మాత్రం అదే రేటు. ఇది కనిపించని ధర పెరుగుదల. కంపెనీల వైపు వ్యతిరేకతా ఉంది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జనం రోడ్డెక్కాక ఇథనాల్ ఫ్యాక్టరీ పనులు ఆపాల్సొచ్చింది. చమురు దిగుమతి తగ్గించాలన్న లక్ష్యం మంచిదే. కానీ దాని ఖర్చు ఎవరి మీద పడుతోందో దాచిపెట్టి చెయ్యకూడదు.

సరే, మరి అలవాట్లు అసలు మారనే మారవా అంటే, బ్రహ్మాండంగా మారాయి. ధర వల్ల కాదు అంతే. మూడు ఉదాహరణలు చెప్తాను.

ఒకటి మన కథే. 2020లో వర్క్ ఫ్రం హోం వచ్చింది. సూర్యాపేటలో, కోదాడలో డాబా మీద గదుల్లో కూర్చుని అమెరికా క్లయింట్లతో కాల్స్ మాట్లాడినవాళ్ళు మనలో ఎంతమంది! మియాపూర్ నుంచి గచ్చిబౌలికి రోజూ తగలబెట్టే పెట్రోలు ఒక్క దెబ్బతో ఆగిపోయింది. అంతకు ముందు పదేళ్ళుగా పెరుగుతూ వచ్చిన ధర చెయ్యలేని పని, ఆఫీసు ఇచ్చిన ఒక్క అనుమతి చేసింది. తర్వాత వారానికి అయిదు రోజులు రమ్మని మెయిళ్ళు పంపిన కంపెనీలే తమ వార్షిక నివేదికల్లో కర్బన ఉద్గారాల గురించి పేజీలకి పేజీలు రాసుకోవడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

రెండు, మహాలక్ష్మి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం. 2025 జులైకల్లా 200 కోట్ల ఉచిత ప్రయాణాలు పూర్తయ్యాయని ప్రభుత్వం ఉత్సవాలు కూడా చేసింది. అవన్నీ బండి మానేసి ఎక్కినవి కావు, ఇల్లు కదలలేనివాళ్ళు కదిలినవీ చాలా ఉన్నాయి, అది ఇంకా మంచిదే. కానీ బస్సు కిటకిటలాడినప్పుడు బస్సులు పెంచకపోతే మగవాళ్ళు బండెక్కుతారు. ఆటో డ్రైవర్లు గిరాకీ పోయిందని రోడ్డెక్కారు, వాళ్ళ బాధా నిజమే. ఒక చోట తలుపు తీస్తే ఇంకో చోట ఎవరి తలుపు మూసుకుందో కూడా చూడాలి.

మూడు, పొలాల్లో ఆయిల్ ఇంజన్లు. కాలువ మీదా బావి మీదా డుబుడుబుమంటూ కిరోసిను, డీజిలు తాగిన ఇంజన్లు మన నాన్నల తరానికి బాగా గుర్తు. వాటిని మూలన పడేసింది డీజిలు ధర కాదు. కరెంటు మోటారు, ఉచిత కరెంటు, 2018 జనవరి నుంచి ఇరవై నాలుగు గంటల సరఫరా. దీనివల్ల భూగర్భ జలాలు ఎంత తోడేస్తున్నామన్నది వేరే చర్చ. ఇంకోటి చేతికందితే రైతు ఎంత తొందరగా మారతాడో చెప్పడానికే ఈ ఉదాహరణ.

"అయితే పెట్రోలు మీద పన్ను ఎత్తెయ్యమంటావా?" అని అడగొచ్చు. అనను. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయట నుంచి కొంటున్నాం. 2010కి ముందు ధరలు తొక్కిపెట్టి, ఆ నష్టాన్ని ఆయిల్ బాండ్ల రూపంలో తర్వాతి ఏళ్ళ మీదికి తోశారు. 2010 జూన్‌లో పెట్రోలు, 2014 అక్టోబరులో డీజిలు ధరల మీద అదుపు తీసేశారు. సూత్రప్రాయంగా అది సరైందే. చవక పెట్రోలు వల్ల ఎక్కువ లాభపడేది పెద్ద కార్లున్నవాళ్ళే, ఆ సంగతీ నాకు తెలుసు.

నా అభ్యంతరం రెండింటి మీద. మొదటిది, ధర నిజాయితీగా లేదు. 2014 నవంబరు నుంచి 2016 జనవరి దాకా ముడిచమురు పడిపోతుంటే కేంద్రం తొమ్మిది సార్లు ఎక్సైజు పెంచింది. 2020 మేలో చమురు పాతాళంలో ఉంటే పెట్రోలు మీద పది, డీజిలు మీద పదమూడు రూపాయలు ఒకేసారి వేసింది. 2017 జూన్ 16 నుంచి ధర రోజూ మారుతుందన్నారు. అదే ధర 2021 నవంబరు 4 నుంచి 2022 మార్చి 21 దాకా కదల్లేదు. ఆ మధ్యలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది, చమురు వంద డాలర్లు దాటింది, అయిదు రాష్ట్రాల ఎన్నికలు కూడా అయిపోయాయి. ఆ మర్నాటి నుంచి చాలా రోజులు రోజుకి ఎనభై పైసల వంతున పెరిగింది. ఎన్నికల క్యాలెండరు చూసుకుని కదిలే ధరని నమ్మి ఎవరైనా ఏ బండి కొనాలో ఎలా నిర్ణయించుకుంటారు?

రాష్ట్రాలదీ తక్కువేం కాదు. వ్యాట్ శాతంలో ఉంటుంది కాబట్టి అసలు ధర పెరిగినప్పుడల్లా పైసా జీవో లేకుండా రాష్ట్రం ఆదాయం పెరుగుతుంది. 2022 మేలో కేంద్రం పెట్రోలు మీద ఎనిమిది రూపాయలు తగ్గిస్తే హైదరాబాదులో దాదాపు పది తగ్గింది. పెరిగేటప్పుడూ ఇదే గుణకారం మన నెత్తిన పడుతుంది. అడిగితే కేంద్రం సెస్సుల్లో మాకు వాటా లేదంటారు. అదీ నిజమే. 2021 బడ్జెట్ తర్వాత పెట్రోలు మీద కేంద్రం వసూలు చేసినదాంట్లో రాష్ట్రాలకి వాటా వచ్చే ప్రాథమిక ఎక్సైజు లీటరుకి రూపాయీ నలభై పైసలే. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకుంటారు, జేబు మాత్రం మనది.

రెండో అభ్యంతరం అసలైనది. పెట్రోలు మీద ఇంత పన్ను ఎందుకు వెయ్యగలుగుతున్నారు? జనం మానలేరని తెలుసు కాబట్టి. ప్రత్యామ్నాయం లేకపోవడమే ఆ ఆదాయానికి పునాది. అలాంటప్పుడు ప్రత్యామ్నాయం కట్టాలన్న తొందర ఎవరికుంటుంది? అందుకే అడగాల్సింది "రేటు తగ్గించండి" అని కాదు, "మా దగ్గర తీసుకున్నదాంతో మాకు ఇంకో దారి వెయ్యండి" అని. సూర్యాపేట బంకుల్లో కట్టిన పన్నులో కొంత భాగం సూర్యాపేటలో కనిపించాలి.

ఏం కనిపించాలి? సూర్యాపేట మీదుగా శంషాబాదు–విశాఖ రైలు మార్గం సర్వేల దగ్గర ఆగకుండా పట్టాలెక్కాలి. ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సుల ప్రణాళికలో సూర్యాపేట, నల్గొండ డిపోల పేర్లు ఉన్నాయి, మంచిదే. ఆ బస్సులు హైదరాబాదు వైపే కాకుండా కోదాడ–హుజూర్‌నగర్–మిర్యాలగూడ మధ్య కూడా ఉద్యోగాల వేళకి తిరగాలి.

ఇక ఎలక్ట్రిక్ బండ్లు. 2024 నవంబరులో తెలంగాణ ఎలక్ట్రిక్ బండ్లకి 2026 డిసెంబరు 31 దాకా రోడ్ టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. నిజానికి ఇవి హైదరాబాదు అపార్ట్‌మెంట్ల కన్నా మా ఊళ్ళకే బాగా నప్పుతాయి. అసోసియేషన్ ప్రెసిడెంటుని బతిమాలకుండా సొంత ఇంటి వరండాలో ప్లగ్గు పెట్టుకోవచ్చు. స్కూటరు ఒక యూనిట్‌కి ముప్ఫై కిలోమీటర్లు పోతుంది. డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టుకుంటే రోజుకి పన్నెండు యూనిట్లు వస్తాయి, 2024లో మొదలైన సూర్యఘర్ పథకంలో దానికి 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. సోలార్ లేకపోతే ఆ కరెంటు దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రంలో సింగరేణి బొగ్గు కాల్చి వచ్చిందే కావచ్చు. పొగ మిర్యాలగూడ రోడ్డు మీద నుంచి దామరచర్ల పొలాల మీదికి మారినట్టే. ఆ మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి.

కాబట్టి ఈసారి ఎవరైనా "ధర పెరగనివ్వండి, జనమే మారతారు" అంటే వాదన పెట్టుకోకండి. "దేనికి మారాలి?" అని ఒక్క ప్రశ్న అడగండి చాలు. దానికి సూర్యాపేట నుంచి ఎన్ని గంటలకి బస్సుందో, టికెట్ ఎంతో చెప్పగలిగినవాడికే ధర పెంచే హక్కుంది.